పుట్టీ కింద గాయం

జూన్ 2

కత్తి దానికిచ్చారు. ఇంకేం రాయను.

జూన్ 3

రాయనన్నాను గానీ, రాయకపోతే అన్నం సహించేలా లేదు. భోజనాలయ్యాయి, ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నారు. ఈ డైరీ ఎరువుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చింది. ఐదు నెలల కాగితాలు ఖాళీగా పోయాయి, మిగిలినవైనా పనికొస్తాయి.

మొన్నటి గాలికి మామయ్యగారి జువ్వి కొమ్మ విరిగింది. నలభై రెండేళ్ళుగా కుండీలో ఉన్న చెట్టు. ఎత్తు నా మోకాలి దాకానే, కాండం మాత్రం రెండు చేతులూ కలిపి పట్టుకున్నా అందదు. కుడివైపు పెద్ద కొమ్మ మొదలంటా చీలి, పోతూ పోతూ కాండం మీద అరచెయ్యంత బెరడు ఊడదీసుకుపోయింది. మా నర్సరీలో నాలుగు వందల కుండీలున్నాయి. మామయ్యగారికి చెట్టంటే అదొక్కటే, మిగతావన్నీ అమ్మకానికి.

అలాంటి గాయాన్ని వదిలేస్తే లోపలి చెక్క పుచ్చిపోతుంది. అంచులు పదునైన కత్తితో నున్నగా కొయ్యాలి, మధ్యలో చెక్కని కాస్త గుంటగా తొలవాలి, పైన మెత్తటి పుట్టీ మెత్తాలి. పదహారేళ్ళుగా ఆయన పక్కన నిలబడి చూస్తున్న పనే ఇది. ఆయన చేతులు రెండేళ్ళుగా వణుకుతున్నాయి కాబట్టి కత్తి ఎవరో ఒకరికి ఇవ్వక తప్పదు. నిన్న పొద్దున షెడ్డులో బల్ల ముందు కూర్చుని, తోలు సంచీలోంచి ఆ చిన్న వంపు కత్తి తీశారు. "పెద్దమ్మాయ్" అన్నారు. నేను చెయ్యి చాపాను కూడా.

"ఆ నీళ్ళ మగ్గు ఇలా అందుకో" అన్నారు.

కత్తి నా చేతి మీదుగా వెళ్ళి దాని చేతిలో పడింది. దాని అంటే నా తోడికోడలు. మరిది పెళ్ళి చేసుకుని తీసుకొచ్చి ఏడు నెలలైంది. అంతకుముందు కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేసేదట, మైనంతో పన్ను చెక్కడం దాని విద్య. ఈ డైరీలో దాన్ని పళ్ళసెట్టు అనే పిలుస్తాను. ఎవరు చదవొచ్చారు.

పళ్ళసెట్టు అంచు కోసింది. జువ్వి కదా, తెల్లగా పాలు కారాయి. తడిగుడ్డతో తుడుచుకుంటూ, ఊపిరి బిగబట్టి, ఒక్క గీత వంకర పోకుండా కోసింది. పుట్టీ మెత్తి, బొటనవేలితో చుట్టూ నొక్కింది. మామయ్యగారు "శభాష్" అన్నారు. నా పెళ్ళయినప్పటినుంచి ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నేను మగ్గు పట్టుకుని నిలబడ్డాను.

జూన్ 4

నాకేం కుళ్ళు లేదు. చెట్టు బాగుండాలి, అంతే.

జూన్ 8

మామయ్యగారు అందరినీ నిలబెట్టి చెప్పారు. "ఎనిమిది వారాలు ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు. పుట్టీ కింద చీకట్లో, తడిలో కొత్త బెరడు వస్తుంది. ఉల్లిపొర కన్నా పల్చన. పుట్టీ ఎత్తితే దాంతోపాటే ఊడొస్తుంది. మళ్ళీ రావడం కష్టం."

గాయానికి పైన ఒక పిల్ల కొమ్మ ఉంది. అందం లేదు, చందం లేదు, అడ్డదిడ్డంగా పెరుగుతోంది. పళ్ళసెట్టు కత్తెర తీయబోతే ఆయన ఆపారు. "దాని జోలికి పోకమ్మా. అది ఎంత పెరిగితే అన్ని నీళ్ళు గాయం పక్కనుంచి పైకి పోతాయి. ఆ దారిలోనే బెరడు పొంగుతుంది. గాయం పూడాక అప్పుడు కోసేద్దాం."

అంటే అన్నాళ్ళూ గాయాన్ని సాకాలి, పని అయ్యాక చెత్తబుట్టలోకి పోవాలి. ఆ కొమ్మని చూస్తే నాకు ఒక మనిషి గుర్తొచ్చింది. ఎవరో రాయను.

జూన్ 11

వంటింట్లో మా ఆయన. "మొహం అలా మాడ్చుకున్నావేంటి?"

"నా మొహమే అంత."

"చిన్నమ్మాయి చెయ్యి భలే తిరిగింది కదే. నాన్న తెగ మురిసిపోతున్నాడు."

"కూర అయిపోయింది" అన్నాను. ఆయన తొంగి చూశాడు. గిన్నె సగం నిండుగా ఉంది. మారు మాట్లాడకుండా కంచం తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ మనిషికి ఎప్పుడు నోరు మూసుకోవాలో మాత్రం తెలుసు.

జూన్ 14

పొద్దున ఆరింటికి నీళ్ళు పెట్టేది నేనే. పైపు పట్టుకుని జువ్వి దగ్గరికి వచ్చేసరికి పుట్టీ ఎడమ మూల కాస్త లేచినట్టనిపించింది. సరిచేద్దామని గోటితో ఎత్తాను. సరిచేయాలంటే ముందు ఎత్తాలి కదా. లోపల అంచు ఎంత శుభ్రంగా ఉందో. చూడకుండా ఉండాల్సింది. తడి వేలితో మళ్ళీ నొక్కేశాను, చూసినవాళ్ళెవరూ లేరు. చూస్తే మాత్రం ఏం, చెట్టు మంచికే కదా.

జూన్ 21

ఎడమ మూల మళ్ళీ లేచింది.

కింద పాలిపోయిన ఆకుపచ్చ రంగులో సన్నటి పెదవిలాంటిది వచ్చింది. పంతొమ్మిది రోజులకే వచ్చింది! మామయ్యగారు కోసినప్పుడు నెల దాటేది. అన్నీ దానికే ఇంత తొందరగా ఎలా వచ్చేస్తాయి?

జూన్ 30

నేనూ తక్కువ తినలేదు. వెనక వరసలో ఎవరూ పట్టించుకోని ఒక జువ్వి మొక్క ఉంది, దాన్ని తెచ్చుకుని షెడ్డు పక్కన పెట్టాను. కాండానికి దెబ్బలేం లేవు గానీ కొమ్మలు సరిగా లేవు. కొమ్మలు తీర్చడంలో నా అంతటి దాన్ని నేనే. కొత్త రెమ్మని ఆరేడు ఆకుల దాకా పోనిచ్చి, రెండాకులు ఉంచి కత్తిరిస్తే, ఆ రెండు చోట్లా రెండు రెమ్మలొస్తాయి. వాటిని మళ్ళీ పోనివ్వాలి, మళ్ళీ కత్తిరించాలి. ఓర్పుండాలి. మైనం పళ్ళు చెక్కేవాళ్ళకి అది ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆకారం కోసం మూడు కొమ్మలకి రాగి తీగ చుట్టి వంచాను. మామయ్యగారు అటుగా వెళ్తూ చూశారు. "బాగుందమ్మా" అన్నారు. శభాష్ అనలేదు.

జూలై 6

పళ్ళసెట్టు నా మొక్క దగ్గరికి వచ్చి గొంతుక్కూచుంది. "అక్కా, ఈ రెండాకుల లెక్క నాకూ నేర్పరా? నేను కోస్తే అన్నీ మొండిగా ఉంటున్నాయి."

"చూస్తూ ఉంటే అదే వస్తుందమ్మా" అన్నాను. నాకెవరు నేర్పారు?

"మీ చెట్టు చూస్తే నాకు కుళ్ళొస్తోందక్కా" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. అంత సులువుగా ఎలా అనేసింది ఆ మాట? నేను పైపు విప్పి నీళ్ళు పెట్టాను. దాని చీర అంచు తడిసింది. అది చూసుకోలేదు పాపం. నేనూ చూసుకోలేదనే రాయాలి.

జూలై 12

పుట్టీ ఎత్తి చూస్తే కుడివైపు పెదవి తాడంత లావయింది. ఎడమవైపు ఏమీ లేదు. పాపం అనుకున్నాను. నిజంగానే పాపం అనుకున్నాను. పాట పాడుకుంటూ పనిచేస్తున్నానని మా ఆయన అన్నాడు. నాకు తెలియనే లేదు.

జూలై 28

ఈ రోజు పుట్టీ తీశారు. ఎనిమిది వారాలయింది.

కుడి అంచు, పైఅంచు గుండ్రంగా పొంగి లోపలికి నడిచాయి. ఎడమ అంచు నల్లగా ఎండిపోయి, బెరడు వెనక్కి ముడుచుకుంది. మామయ్యగారు వణికే వేలితో తడిమారు. ఆయన మొహం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం చేశావు చిన్నమ్మాయ్? ఎడమవైపు సరిగ్గా నొక్కలేదా? నలభై రెండేళ్ళ చెట్టమ్మా ఇది. మైనం ముక్క కాదు, పాడైతే ఇంకోటి చెక్కుకోవడానికి."

పళ్ళసెట్టు పుట్టీ ముక్కని వెలుగుకి పట్టుకుని లోపలి వైపు చూసింది. తర్వాత మామయ్యగారి చేతుల వంక చూసింది. తర్వాత "తప్పయిపోయింది మామయ్యగారూ" అంది.

మధ్యాహ్నం రెండోసారి వడ్డించుకుని తిన్నాను. దిష్టి తీసినట్టు ఒళ్ళు తేలిగ్గా ఉంది.

ఆగస్టు 2

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆరిన బట్టలు తీస్తుంటే అది వచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుంది. "అక్కా, ఒక మాట. ఎవరికీ చెప్పనంటేనే."

"చెప్పు."

"ఆ పుట్టీ ఎవరో ఎత్తి చూశారు. ఒకసారి కాదు, చాలాసార్లు. మూలలో అన్నీ గోటి గీతలే."

దుప్పటి అడ్డంగా ఉండబట్టి బతికిపోయాను.

"ఎవరంటావు?"

"ఇంకెవరక్కా, మామయ్యగారే. పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటారు కదా. ఆత్రం ఆగక ఎత్తి చూసుకున్నారు, చెయ్యి వణికి అంచు గీరుకుపోయింది. ఆయన మొహం మీద ఎలా చెప్పను? చేతులు పోయాయని ఇప్పటికే కుమిలిపోతున్నారు. తిట్లే కదా, నేను పడితే పోయింది."

"నేనై ఉండొచ్చు కదా" అన్నాను. నవ్వుతూ అన్నాను.

"ఊరుకోండక్కా. మీకు తెలియకా, ఉల్లిపొర కన్నా పల్చనని."

దుప్పటి మడత పెట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆగస్టు 3

కుళ్ళే. రెండు నెలలుగా కుళ్ళే. చేతి పనితనం చూసి కుళ్ళుకున్నాను, శభాష్ విని కుళ్ళుకున్నాను. నిన్నటినుంచి దాని మంచితనం చూసి కుళ్ళుకుంటున్నాను. ఆయన కోసం తిట్లు తినాలన్న బుద్ధి పదహారేళ్ళలో నాకు ఒక్కనాడూ పుట్టలేదు. అది తొమ్మిది నెలలకే తినేసింది. నేను చేసిన తప్పుకి కూడా మంచిపేరు దానికే పోతుంటే ఇంక నాకేం మిగిలింది?

ఆగస్టు 6

నా మొక్క సంగతే మర్చిపోయాను. కొమ్మలు లావై తీగ బెరడులోకి దిగిపోయింది. రెండు వారాల కిందే విప్పాల్సింది. ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీశాను. మూడు కొమ్మల మీదా చుట్లు చుట్లుగా గాట్లు. పక్కవాళ్ళ గాయం మీదే కళ్ళుంటే ఇంతే అవుతుంది.

ఆగస్టు 9

తోడికోడలి రహస్యం దాని మొగుడి దగ్గర దాగలేదు. మరిది పొద్దున చెట్టు ఎత్తుకెళ్ళి డాబా మీద పెట్టాడు. మామయ్యగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేరు. "అక్కడ ఎండ బాగా తగులుతుంది నాన్నా" అన్నాడు. తోడికోడలు కళ్ళతో వద్దంటూనే ఉంది. షెడ్డులో పనిముట్ల పెట్టెకి తాళం కూడా వేశాడు. కత్తెరలున్నాయి, చేతికి తగులుతాయట.

మామయ్యగారు ఖాళీ బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నారు.

ఆగస్టు 10

చెప్పేద్దామనుకున్నాను. కుండీలు కొనేవాళ్ళు వచ్చారు. కుదరలేదు.

ఆగస్టు 11

కుదరలేదు.

ఆగస్టు 15

మంచినీళ్ళిద్దామని వెళ్తే మామయ్యగారు చిన్న కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. వంకర టింకర అక్షరాలు. "పొద్దున మాత్ర వేసుకున్నాను. వీధి తలుపు వేశాను."

"ఏంటి మామయ్యగారూ ఇది?"

"రాసుకుంటే మంచిదమ్మా. జువ్వి సంగతి చిన్నవాడు చెప్పాడు. నేనే తీసి చూశానట, ఎన్నోసార్లు. నాకు ఒక్కసారి కూడా గుర్తులేదు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అది మర్చిపోయానంటే ఇంకేమేం మర్చిపోయానో ఎలా తెలుస్తుంది? అనవసరంగా పసిదాన్ని తిట్టాను."

నేను నిలబడే ఉన్నాను. ఆయన బల్ల సొరుగు లాగి, తోలు సంచీ తీసి నా చేతిలో పెట్టారు. "కత్తి నీ దగ్గరుంచు పెద్దమ్మాయ్. ఇక చెట్లు నువ్వే చూసుకో. నా దగ్గరుంటే ఏం కోసి ఏం మర్చిపోతానో."

తీసుకున్నాను. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ తీసుకున్నాను. కొంగులో దాచుకుని లోపలికి వచ్చాను. ఒక్క నిమిషం, ఒక్క నిమిషమే, సంతోషం కూడా వేసింది.

ఆగస్టు 16

కత్తి మంచి పదునుగా ఉంది.

ఆగస్టు 18

మామయ్యగారు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి నన్నడిగారు. "నేను తిన్నాను కదమ్మా?"

తిన్నట్టు ఆయనకి తెలుసు. నన్నడిగి సరిచూసుకుంటున్నారు. ఇల్లంతా ఆయన్ని గాజు గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకుంటోంది. మరిది డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటున్నాడు. మా ఆయన ఒప్పుకున్నాడు. నేను ఊరుకున్నాను.

మెదడు సరిగ్గా ఉన్న మనిషిని మతిమరుపు మనిషిని చేస్తున్నాను నేను. చెట్టుకైతే ఒక పక్కే ఎండబెట్టాను.

ఆగస్టు 19

చెప్పేశాను.

ఆయన కుర్చీ ముందు కింద కూర్చుని, సంచీ ఆయన ఒళ్ళో పెట్టి, "పుట్టీ తీసింది నేను మామయ్యగారూ" అన్నాను. వినపడలేదనుకుని మళ్ళీ అన్నాను.

"నువ్వా?"

"నేనే. పొద్దున నీళ్ళు పెట్టేటప్పుడు."

"ఎన్నిసార్లు?"

"తొమ్మిది." ఈ డైరీలో రాసినవి మూడే.

"గోటి గీతలు?"

"నావే."

"మరి నేనో? నేను ఒక్కసారైనా తియ్యలేదా? బాగా గుర్తుచేసుకుని చెప్పు."

"లేదు మామయ్యగారూ. మీరు వేలు కూడా పెట్టలేదు."

కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. చెంప పగలగొడతారనుకున్నాను. పగలగొడితే బాగుండేది. ఆయన నవ్వారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే పిల్లాడిలా నవ్వారు.

"నేను కాదన్నమాట! ఒరేయ్! ఒరేయ్ చిన్నోడా, పెద్దోడా, ఇలా రండ్రా! నేను కాదురా! పెద్దమ్మాయట! తొమ్మిదిసార్లూ పెద్దమ్మాయేనట!"

వ్యానులో కుండీలు ఎక్కిస్తున్న మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. మరిది వచ్చాడు. మొక్కలు కొనడానికి వచ్చిన ఆడమనిషి గేటు దగ్గరే ఆగిపోయింది. ఆమెకి కూడా చెప్పారు, "నేను కాదమ్మా, మా పెద్ద కోడలు" అని. జేబులోంచి కాగితం తీసి చింపి పారేశారు. తొలిచూలు మనవడు పుట్టాడని చెబుతున్నట్టుంది ఆయన గొంతు. ఆ సంతోషం మధ్యలో నా సిగ్గు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసనుకుంటాను.

నా తోడికోడలు షెడ్డు గుమ్మంలో నిలబడి విన్నది. "మీరా" అంది. అంతే. మామయ్యగారు దగ్గరికి పిలిచి సంచీ ఇస్తే రెండు చేతులా తీసుకుంది. ఎడమ అంచు మళ్ళీ పచ్చి తగిలేదాకా కోసి, కొత్త పుట్టీ వెయ్యాలట. ఇంకో రెండేళ్ళు పడుతుందట. ఆయన ఆ రెండేళ్ళనీ పండగలా చెప్పారు.

ఆగస్టు 20

పొద్దున షెడ్డులో పెట్టె తాళం తీసి ఉంది. మగవాళ్ళిద్దరూ వ్యానేసుకుని వెళ్ళిపోయారు. మామయ్యగారు బల్ల తుడుచుకుని కూర్చున్నారు, చెట్టు ఎప్పుడు దిగుతుందా అని మెట్లవైపే చూస్తున్నారు.

నా తోడికోడలు ఒక్కతే పైకెళ్ళింది. ఆ కుండీ ఒకరు మొయ్యగలిగేది కాదు. నేను మెట్ల కింద నిలబడ్డాను. వెళ్ళాలో లేదో తెలియలేదు. సగం మెట్లు దిగి, మలుపు దగ్గర కుండీని గోడకి ఆనించి ఆగిపోయింది. చేతులు ఎర్రబడ్డాయి. పైనున్న పిల్ల కొమ్మ దాని మొహానికి అడ్డంగా ఊగుతోంది. నన్ను చూసింది. 

"పట్టండి" అంది. అక్కా అనలేదు.

వెళ్ళి పట్టాను. ఒక్కో మెట్టూ దిగుతున్నాం. దానికి బరువు తగ్గుతుందని నేను కుండీని కాస్త నా వైపుకి వంచుకోబోయాను.

"మీ వైపు మీరు పట్టుకోండి చాలు" అంది.

చివరి మెట్టు దాకా నా వైపు నేను పట్టుకున్నాను.